దారికడ్డం నారుకట్ట

మంత్రిగారు ముందుకు నడుస్తూ నాటారు. ఊడ్పంటే వరి నాటడం, వెనక్కి నడుస్తూ చేసే పని. నాటిన మొక్క కళ్ళ ముందుండాలి, అడుగు వెనక్కి పడాలి. ఆయనగారేమో ఒక మొక్క గుచ్చి, దాని మీదే అడుగు వేసి, ఇంకో మొక్క గుచ్చుతున్నారు. జగ్గమ్మకు నవ్వాగలేదు. పైటకొంగు నోట్లో కుక్కుకుని తల వంచుకుంది. వరసలో నిలబడ్డ పదకొండుమంది ఆడవాళ్ళదీ అదే అవస్థ.

"అత్తా, ఆ బాబు ఏసినవన్నీ ఆ బాబే తొక్కీసినాడు," అని కోడలు అమ్మడు జగ్గమ్మ చెవిలో అంది.

"ఊరుకోయే. మంత్రి తొక్కితే మొక్కకి బలం," అంది జగ్గమ్మ.

పాతపట్నం రోడ్డు పక్కన తుమ్మలవలస ప్రెసిడెంటు గణపతిరావు మడి అది. శ్రావణమాసం మొదటి వారం. కొత్తగా వచ్చిన ఎనిమిదో నంబరు వరి నారు మంత్రిగారి చేతుల మీదుగా నాటించాలని పెద్దలు తలపెట్టారు. కార్లు మడి పక్కనే ఆగే వీలుందని ఈ మడిని ఎంచారు. ఉత్తరాన కనిపించే కొండల్లో ఏడాదిగా తుపాకులు పేలుతున్నాయి. ఈ తాలూకాలో అంతా చల్లగా ఉందని, జనం పాటలు పాడుకుంటూ పని చేసుకుంటున్నారని లోకానికి చూపించడం మంత్రిగారికి అవసరం. అందుకే ఆయన వెనకాల ఇద్దరు పేపరువాళ్ళు, మెడలో కెమెరా వేలాడేసుకున్న ఇంకొకడూ దిగారు. ఆ కెమెరా మనిషి బూట్లు విప్పనన్నాడు. గట్టు మీదే అటూ ఇటూ తిరుగుతూ, "సార్, ఇటు చూడండి. ఇంకొక్క మొక్క సార్," అంటున్నాడు.

గణపతిరావు పొద్దున్నే గట్టు మీదికి వచ్చి జగ్గమ్మకు అన్నీ చెప్పి పెట్టాడు. ఈ ఊళ్ళో పాతికేళ్ళుగా ఊడ్పు ముఠాకి పెద్ద ఆమే. ఎవరు ఏ వరసలో నిలబడాలో, పాట ఎప్పుడు ఎత్తుకోవాలో ఆమె నోటి మాట మీదే జరుగుతుంది.

"ఒసే జగ్గా, మంత్రిగారు గట్టెక్కినప్పుడు మన ఆచారం సూపించాల. నారుకట్ట ఏసి అడ్డగించండి. పట్నం బాబులు సూసి మురిసిపోతారు."

"అలగే బాబూ. నానే ఏస్తాను."

"నీ ముసిలి మొకం ఫొటోలో ఏటి బాగుంటాది? నీ కోడలు సేత ఏయించు. కొత్త పెల్లికూతురు, కళగా ఉంటాది."

జగ్గమ్మకు ఆ మాట కొంచెం గుచ్చుకుంది. ఆ వెంటనే కోడలి వైపు చూసుకుని, నిజమేలే అనుకుంది. అమ్మడు పద్దెనిమిదేళ్ళ పిల్ల. మొన్న వేసవిలో కాపురానికి వచ్చింది. కొడుకు సోములు విజయనగరం జూటు మిల్లులో పని చేస్తాడు. ఆషాఢానికి ముందు వచ్చినప్పుడు పెళ్ళానికి రెండు డజన్ల ఎర్రగాజులు తెచ్చి, మోచేతుల దాకా తనే తొడిగి వెళ్ళాడు. బురదలో పని చేసినా ఆ పిల్ల ఒక్క గాజు చిట్లనివ్వలేదు.

ఆ ఆచారం ఏమిటంటే, ఊడ్పుల రోజుల్లో గట్టు మీదుగా ఎవరు నడిచినా ఆడవాళ్ళు ఓ నారుకట్ట తెచ్చి అతని కాళ్ళ ముందు పెడతారు. కామందైనా, కరణమైనా, ఊరికి వచ్చిన కొత్త అల్లుడైనా ఒకటే. చేతులు చాపి దారికడ్డం నిలబడతారు. "ఇవ్వందే కదలనివ్వం," అని అరుస్తారు. అతను జేబులో ఉన్నదేదో చేతిలో పెట్టాలి. ఏమీ లేకపోతే ఓ చుట్టయినా ఇచ్చి బతిమాలుకోవాలి. ఆ మామూలు ముట్టాక కట్టను అతని పేరు చెప్పి నాటుతారు. ఊరికే దాటిపోయిన మనిషి పేరు ఆ ఏడాదంతా ఎగతాళి పాటల్లో నానుతుంది. ఇందులో కోపం లేదు, తగాదా లేదు. నడుములు విరిగే పనిలో కాసేపు నవ్వుకోవడానికి ఎప్పటినుంచో ఉన్న వేడుక.

మంత్రిగారు గట్టెక్కారు. ఒకరు చెంబుతో నీళ్ళు పోశారు, ఒకరు తువ్వాలు పట్టుకున్నారు. గణపతిరావు కళ్ళతో సైగ చేశాడు. జగ్గమ్మ కోడలి వీపు మీద తట్టింది.

"ఎల్లవే. భయపడకు, పెద్దగా అను."

అమ్మడు నీళ్ళోడుతున్న నారుకట్టను రెండు చేతులతో తెచ్చి మంత్రిగారి కాళ్ళ ముందు వేసింది. సిగ్గుకొద్దీ కాస్త ఎత్తు నుంచే వదిలేసిందేమో, బురద చింది తెల్లటి పంచె మీద పడింది. చెయ్యి పైకెత్తి, పిడికిట్లో మిగిలిన నాలుగు మొక్కలు చూపిస్తూ అరిచింది.

"ఇవ్వందే కదలనివ్వం బాబూ!"

వెనకాల పదకొండు గొంతులు ఒక్కసారి లేచాయి. "ఇవ్వందే కదలనివ్వం!"

మంత్రిగారు ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేశారు. పక్కనున్న పి.ఏ. చెయ్యి అడ్డం పెట్టాడు. కెమెరా టక్కుమంది ఆ క్షణంలోనే.

తర్వాత గణపతిరావు మంత్రిగారి చెవిలో సంగతి చెప్పాడు. మంత్రిగారు పకపకా నవ్వారు. ఆయన నవ్వితే అందరూ నవ్వారు. పి.ఏ. కూడా నవ్వాడు. కెమెరా మనిషి మాత్రం అప్పటికి ఫిల్ము తిప్పుకుంటూ తల వంచుకుని ఉన్నాడు. మంత్రిగారు జుబ్బా జేబులు రెండూ తడుముకున్నారు. ఏమీ లేదు. మంత్రులు జేబులో ఏమీ పెట్టుకోరని ఆ రోజే జగ్గమ్మకు తెలిసింది.

"తలా ఒక చీర పంపిస్తానమ్మా. నా మాట నమ్మండి," అన్నారాయన. పి.ఏ. చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. మంత్రిగారు నారుకట్టను దాటుకుని వెళ్ళి కారెక్కారు.

దాటడం జగ్గమ్మ చూసింది. ముట్టజెప్పకుండా కట్ట దాటడం మంచిది కాదు. కానీ చీర అన్నారు కదా, పెద్దమనిషి మాట కదా. కట్టను తీసుకెళ్ళి మడి మూల నీళ్ళలో నిలబెట్టింది. అది నాటడానికి చాపంత జాగా వదిలేసి మిగిలిన మడంతా నాటించింది.

"సీరలొచ్చినాక ఆ బాబు పేరు సెప్పి ఊడుద్దాం," అంది ముఠాతో.

రెండు రోజులు పక్క మళ్ళలో పని జరిగినంతసేపూ చీరల ముచ్చటే. బుల్లమ్మకు పసుప్పచ్చ చీర కావాలి. చిన్నతల్లి, అంచు వెడల్పుగా ఉండాలంది. మంత్రిగారిచ్చే చీరకి అంచు బేరాలేమిటే అని జగ్గమ్మ కసిరింది. కసురుతూనే, ముదురు ఆకుపచ్చ అయితే తనకు నప్పుతుందని మనసులో అనుకుంది. ఏభై ఏళ్ళు దాటిన ఆడది, పెళ్ళి చీర తర్వాత ఎవరి చేతి నుంచైనా కొత్త చీర అందుకున్న పాపాన పోలేదు. ఆశపడితే తప్పేముంది?

మూడో రోజు మధ్యాహ్నం చుట్టల కోసం రంగనాథం కొట్టుకి వెళ్ళింది. నిప్పు నోటి లోపలికి పెట్టి పీల్చే అడ్డపొగ చుట్టలు రోజుకు మూడు లేకపోతే ఆమె నడుం వంగదు. పాతపట్నం బస్సు అప్పుడే వెళ్ళింది. బస్సులో వచ్చిన పేపరు రంగనాథం బల్ల మీద పరిచి ఉంది. మొదటి పేజీలోనే ఫొటో.

"ఓలమ్మా! మా అమ్మడే ఇది!"

జగ్గమ్మ వేలు పెట్టి చూపించింది. పైకెత్తిన చెయ్యి, చేతినిండా గాజులు, తెరిచిన నోరు. ఎదురుగా మంత్రిగారు వెనక్కి వాలి ఉన్నారు. అమ్మడి వెనకాల సగం తెగిన మొహం తనదే. బొట్టుని బట్టి పోల్చుకుంది.

"ఏటి రాసినారు బాబూ?"

రంగనాథం కళ్ళజోడు తీసి పంచెతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. వీధి అటూ ఇటూ చూశాడు.

"మంత్రిగారు ఊరొచ్చినారని రాసినారు."

"మా గురించో?"

"మీ గురించి కూడా ఉన్నాది."

"సీరల సంగతి?"

"అది నేదు."

ఆయన చుట్టలు తీసి ఇచ్చాడు. ఇచ్చినవాడు చెయ్యి వెనక్కి తీసుకోకుండా గొంతు తగ్గించి అన్నాడు. "జగ్గమ్మా, కోడల్ని కొన్నాళ్ళు కన్నోరింటికి పంపించీరాదా?"

జగ్గమ్మకు నవ్వొచ్చింది. "బలేవోడివి బాబూ! ఆషాఢం అక్కడే ఉండి మొన్ననే గదా వచ్చినాది. శ్రావణంలో మళ్ళీ పంపిస్తే ఊరోళ్ళేటనుకుంటారు? అత్త సూడనేదు అనుకోరా? ఐనా సీరలొచ్చేయేలకి మనిసి నేకపోతే దాని సీర ఎవులకి పోతాది?"

రంగనాథం పేపరు నాలుగు మడతలు పెట్టి తను కూర్చున్న గోనెపట్టా కిందికి తోశాడు. ఫొటో కత్తిరించి ఇమ్మని జగ్గమ్మ అడిగింది. ఇంకా చదవాలి అన్నాడు. చెడ్డవాడు కాడు రంగనాథం. నలుగురు బతికే చోట కొట్టు పెట్టుకుని బతుకుతున్నవాడు. పోలీసు వాళ్ళు వారానికోసారి ఆ బల్ల మీదే కూర్చుని సోడాలు తాగుతారు. చెప్పవలసింది సగం చెప్పి, ఆ సగంతోనే గండం గట్టెక్కుతుందని ఆశపడ్డాడు. కోమటికి కూడా మా చీరల మీద కన్ను పడిందనుకుంటూ జగ్గమ్మ ఇంటికి పోయింది.

మర్నాడు పొద్దెక్కాక జీపు వచ్చింది. ముఠా రోడ్డుకి దగ్గర మడిలోనే ఉంది. చినుకులు పడుతుంటే అందరి వీపుల మీదా తాటాకు గిడుగులున్నాయి. జీపులోంచి ఇన్‌స్పెక్టరు, నలుగురు పోలీసులు దిగారు. ఇన్‌స్పెక్టరు చేతిలో అదే పేపరు. జీపు వెనక భాగంలో పెద్ద మూట ఒకటి, పైన టార్పాలిను కప్పి ఉంది.

ఆ మూట అందరికంటే ముందు చూసింది జగ్గమ్మే.

"ఈ ఫొటోలో ఉన్నది ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. గట్టిగా కూడా అనలేదు. మర్యాదగానే అడిగాడు.

ఆడవాళ్ళు నారు వదిలేసి గట్టు మీదికి ఎగబాకారు. "నాను బాబూ!" "ఇదో, ఈ మోచెయ్యి నాదే!" అని బుల్లమ్మ ఫొటో మీదికి వంగింది. ఆమె గిడుగు మీది నీళ్ళు పేపరు మీద కారాయి. ఇన్‌స్పెక్టరు ప్రతి మొహాన్నీ ఫొటోతో పోల్చి చూస్తున్నాడు.

"ఉండండే, బాబుల్ని గాబరా పెట్టకండి," అని జగ్గమ్మ అందర్నీ తప్పించింది. "అసలు మనిసి అక్కడుండిపోనాది బాబూ, సిగ్గు దానికి. ఒలే అమ్మడూ! బేగి రాయే! నీ కోసమే వచ్చినారు బాబులు!"

అమ్మడు మడిలోంచి మెల్లగా వచ్చింది. జగ్గమ్మ ఆమెను కాలవ దగ్గరికి లాక్కెళ్ళి, తన చేతులతో ఆమె చేతులు కడిగింది. గాజుల సందుల్లో ఇరుక్కున్న మట్టిని గోటితో తీసింది. "కొత్తబట్ట ముట్టుకున్నప్పుడు మట్టి ఉండకూడదు," అంది.

"నువ్వేనా అడ్డగించింది?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"అదే బాబూ, అదే," అంది జగ్గమ్మ. అమ్మడు తల ఊపింది.

"మొగుడేం చేస్తాడు?"

"ఇజీనారం జూటు మిల్లుల పని బాబూ, నా కొడుకే."

"యూనియన్లో ఉన్నాడా?"

ఆ మాట జగ్గమ్మ ఇదివరకు విన్నదే. సోములు వచ్చినప్పుడల్లా చెబుతుంటాడు. గొప్పదేదో అని ఆమెకు గుర్తు. "ఎందుకుండడు బాబూ? అందులో అందరికంటె ముందుంటాడు నా కొడుకు!"

ఇన్‌స్పెక్టరు తల పంకించాడు. "ఎక్కించండి," అన్నాడు.

అమ్మడు అత్త వైపు తిరిగింది. "అత్తా, నానొక్కదాన్నే ఎల్లాలా?"

"ఎల్లు. అందరివీ నువ్వే తెచ్చీ. రంగులు సరి సూసుకో," అంది జగ్గమ్మ.

జీపు తిరిగేటప్పుడు వెనక కూర్చున్న పోలీసు అమ్మడి రెండు మణికట్లూ కలిపి ఒక చేత్తో పట్టుకున్నాడు. కుదుపుకి టార్పాలిను తొలిగింది. మూటలో లాఠీలున్నాయి.

"అదేటప్పా, సెయ్యలగ పట్టుకున్నాడు?" అంది బుల్లమ్మ.

జగ్గమ్మ రోడ్డు మీదికి పరుగెత్తేసరికి జీపు మలుపు తిరిగిపోయింది. ఆమె గోళ్ళలో ఇంకా కోడలి గాజుల సందుల మట్టి ఉంది.

పొద్దు వాలుతుండగా రంగనాథం తనే ఆమె ఇంటికి వచ్చాడు. గడప బయట నిలబడి, మడతల పేపరు విప్పి, ఈసారి మొత్తం చదివాడు. మంత్రిని నిర్బంధించిన మహిళా కూలీలు, అని పెద్ద అక్షరాలు. ఫొటో కింద, 'ఇవ్వందే కదలనివ్వం' అంటూ కూలి పెంపు కోసం నినాదాలు చేస్తున్న స్త్రీలు, అని. ఆ రోజు వచ్చిన పేపరు కూడా చదివాడు. అందులో రాజధానిలో విలేకరులు అడిగితే మంత్రిగారు ఇచ్చిన జవాబుంది. అమాయకులైన స్త్రీలను విద్రోహ శక్తులు రెచ్చగొడుతున్నాయి. బాధ్యులను ఉపేక్షించేది లేదు.

"ఆ బాబు నవ్వినాడు గదా," అంది జగ్గమ్మ. "మా ఎదటే నవ్వినాడు. సీరలన్నాడు."

"అది పేపర్లో నేదు జగ్గమ్మా."

"నీకు నిన్ననే తెలుసు గదా బాబూ."

రంగనాథం పేపరు మడత పెట్టుకున్నాడు. "కన్నోరింటికి పంపమన్నాను," అన్నాడు నేల చూస్తూ. అంతే. ఆయన్ని తిట్టడానికి జగ్గమ్మకు నోరు రాలేదు. పిలిచింది తను. చేతులు కడిగింది తను. ఎవరి మీద అరుస్తుంది? గడపలో కూలబడి రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది.

తెల్లారాక గణపతిరావు ఇంటికి వెళ్ళింది. అరుగు మీద మంగలి ఆయనకు గడ్డం గీస్తున్నాడు. సగం చెంపకి సబ్బు నురగ ఉంది. జగ్గమ్మను చూసి కూడా ఆయన తల తిప్పలేదు. కత్తి గొంతు మీద ఉంది కాబట్టి తిప్పకపోవడానికి ఓ సాకు దొరికింది.

"బాబూ, ఇది మన ఆచారమని నువ్వొక్క మాట సెప్పు. నువ్వు సెప్తే ఇంటారు."

"నానేటి సెప్తాను? ఆడోళ్ళు మీరేసినారు, మీరరిసినారు."

"కట్ట ఏయించమన్నాది నువ్వు గదా బాబూ. ముసిలి మొకం వద్దు, కోడలు సేత ఏయించమని గట్టు మీద, ఈ నోటితోనే..."

"నానా?" గణపతిరావు మంగలి చెయ్యి పక్కకి నెట్టాడు. "నానెప్పుడన్నాను? నిన్న పోలీసు క్యాంపుకి పిలిచి నాతో కాయితం రాయించుకున్నారు తెలుసా? నాకు తెలీకుండా జరిగినాదని రాసిచ్చి వచ్చినాను. రాయకపోతే నన్ను కూడా కూకోబెట్టీద్దురు. నాకూ పిల్లలున్నారు జగ్గా."

చివరి మాట దగ్గర గొంతు మారింది. నిజంగానే భయపడుతున్నాడని జగ్గమ్మకు తెలిసింది. తెలిసినంత మాత్రాన ఏం ఒరిగింది?

"ఒక దారున్నాది," అన్నాడాయన కాస్త మెత్తబడి. "ఎవులో బయటోళ్ళు మాకు ఇలగ సెయ్యమని నేర్పినారు, అని ఏలిముద్ర ఏసీ. పిల్లని వదిలీస్తారు. ఇన్‌స్పెక్టరే అన్నాడు."

"ఎవులు నేర్పినారని సెప్పాల?"

"ఆ కొండల్లో ఉన్నోళ్ళది ఎవులదో ఒక పేరు. ఎవులైతేనేటి?"

"మాకు నేర్పినాది మా అమ్మ బాబూ. అమ్మకి నేర్పినాది దాని అమ్మ. ఆళ్ళిద్దరి పేర్లు సెప్పీమంటావా?"

గణపతిరావు మళ్ళీ మొహం మంగలికి అప్పగించాడు. "నీ ఇష్టం," అన్నాడు.

అక్కణ్నుంచి ఆమె తిన్నగా మడికి వెళ్ళింది. రోడ్డు పక్క మడిలో నాటిన మొక్క అప్పుడే వేరు పట్టి లేస్తోంది. మూల చాపంత జాగా ఖాళీగా ఉంది. అందులో నారుకట్ట నిలబడి ఉంది. ఆకులు పసుపు తిరిగాయి. అడుగున తెల్లటి కొత్తవేళ్ళు అంగుళం మేర దిగాయి. నాటకపోయినా అది బతకడానికి చూస్తోంది. జగ్గమ్మ దాన్ని పీకి, వేళ్ళు కడిగి, తడి గోనెలో చుట్టి చంకన పెట్టుకుంది. ఎందుకు తీసుకెళుతోందో ఆమెకే స్పష్టంగా తెలియదు. కట్ట చూపిస్తే అక్కడెవరికైనా అర్థమవుతుందనుకుందేమో.

పోలీసుల క్యాంపు పాతపట్నం ఊరి చివర తోటలో ఉంది. ముళ్ళతీగ కంచె, ఇసుక బస్తాలు, గుడారాలు. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న మనిషికి తెలుగు రాదు. జగ్గమ్మ గోనె విప్పి కట్ట చూపించింది. గట్టు, నాటడం, నవ్వడం అన్నీ చేతులతో చేసి చూపించింది. అతను కట్టను తుపాకీ గొట్టంతో కదిపి చూశాడు. అందులో ఏమీ దాచలేదని తేల్చుకుని, దూరంగా పొమ్మని చెయ్యి విసిరాడు. ఆమె రోడ్డుకి అవతల మైలురాయి పక్కన కూర్చుంది. ఎండొచ్చింది, వానొచ్చింది, మళ్ళీ ఎండొచ్చింది. వచ్చీపోయే ప్రతి మనిషికీ లేచి దండం పెట్టింది. క్యాంపులో రాతపని చూసే రైటరు ఒకడు ఆగి విన్నాడు. "పెద్దవాళ్ళు మాట్లాడేశారమ్మా, ఇంక మనమేం అంటాం," అని వెళ్ళిపోయాడు.

మూడో జాము దాటాక గేటు తెరుచుకుంది. జీపు బయటికి వచ్చింది. ముందు సీట్లో ఇన్‌స్పెక్టరు. వెనక ఇద్దరు పోలీసుల మధ్య అమ్మడు. శ్రీకాకుళం తీసుకుపోతున్నారని కంచె దగ్గర ఎవరో అన్నారు. ఆ పిల్ల తల దించుకుని ఉంది. పెదవి వాచి ఉంది. జీపు కమ్మీ పట్టుకున్న చేతులు మోచేతుల దాకా బోసిగా ఉన్నాయి. ఒక్క గాజు లేదు. గాజులుండే చోట సన్నటి ఎర్రటి గాట్లు ఉన్నాయి.

అప్పటిదాకా దండాలు పెట్టిన జగ్గమ్మ ఆ చేతులు చూసింది. చూశాక దండం పెట్టలేదు. లేచి రోడ్డు మధ్యకి నడిచింది. గోనె విప్పి, నారుకట్టను జీపుకి ఎదురుగా నేల మీద నిలబెట్టింది. ఊడ్పులో లాగే రెండడుగులు వెనక్కి వేసింది. రెండు చేతులూ చాపింది.

"ఇవ్వందే కదలనివ్వం!"

ముఠా వెనకాల ఉన్నప్పుడు అరిచే అరుపే. ఈసారి వెనకాల ఎవరూ లేరు. అందులో వేడుక కూడా లేదు.

"నా కోడల్ని నాకివ్వందే కదలనివ్వం!"

జీపు కట్టకు బారెడు దూరంలో కీచుమని ఆగింది. డ్రైవరు ఖాకీ చొక్కాలో ఉన్న నలభై ఏళ్ళ మనిషి. కట్టను చూశాడు, ఆమె చాపిన చేతులు చూశాడు. అతని కుడిచెయ్యి స్టీరింగు వదిలి తనకు తెలియకుండానే చొక్కా జేబులోకి పోయింది.

ఇన్‌స్పెక్టరు అతని వైపు తిరిగాడు. "ఏంటది? ఎందుకు ఆపావు?"

"నారుకట్ట సార్."

"కట్టయితే ఏంటి?"

డ్రైవరు చెయ్యి జేబులోంచి ఖాళీగా బయటికి వచ్చింది. "ఏటీ నేదు సార్," అన్నాడు. ఆ మాటతోనే అతను ఈ చుట్టుపక్కల ఊళ్ళవాడేనని జగ్గమ్మకు తెలిసిపోయింది. అందరికీ తెలుసు. రంగనాథానికి తెలుసు, గణపతిరావుకి తెలుసు, నవ్విన మంత్రికి తెలుసు. తెలియనివాడు ఒక్కడుంటే వాడికి చెప్పుకోవచ్చు. తెలిసీ ఏటీ నేదనేవాళ్ళకి ఏం చెబుతుంది?

పోలీసులు దిగి ఆమె రెక్కలు పట్టుకుని ఈడ్చారు. ఆమె బంపరు పట్టుకుని వదల్లేదు. వేళ్ళ మీద కొట్టినా వదల్లేదు. "దీన్ని కూడా ఎక్కించండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు విసుగ్గా. ఆ మాట వినగానే తనే వదిలేసింది. తనే జీపెక్కి కోడలి పక్కన కూర్చుంది. ఈసారి ఆమె నిజంగానే అడ్డగించింది. ఫొటో తీసేవాడు మాత్రం లేడు.

అమ్మడు అత్త భుజం మీద తల పెట్టింది. మెల్లగా అడిగింది. "అత్తా, ఆ మడి మూల ఊడ్చీసినారా?"

"నేదే," అంది జగ్గమ్మ. బోసిపోయిన ఆ చేతుల మీద తన కొంగు కప్పింది.

జీపు కదిలింది. డ్రైవరు స్టీరింగు కొంచెం పక్కకి తిప్పి, చక్రం కట్ట మీద పడకుండా పోనిచ్చాడు. ఇన్‌స్పెక్టరు అది గమనించలేదు. డ్రైవరు అంతకు మించి ఏమీ చేయలేదు.